ఏడున్నరకో ఏడుపు

"ఆ డాక్టరు బాబుని ఒక్కసారి నా ముందుకి తీసుకురండి. చెవి మెలేసి, ఆ రక్తపరీక్ష ఏదో నేనే చేయిస్తాను!"

ఈ మాట అన్నది మా అత్తయ్యగారు. ఆవిడ వయసు అప్పటికి డెబ్బై రెండు. మోకాళ్ళ నెప్పులతో వంటింటి గడప దాటడానికే ఆపసోపాలు పడే మనిషి, ఆ డాక్టరు చెవి మెలెయ్యడానికి మాత్రం హైదరాబాదు దాకా నడిచి వెళ్ళేలా కనిపించేవారు. డాక్టరు బాబు ఎవరో మీకు చెప్పక్కర్లేదనుకుంటాను. 2017 అక్టోబరులో స్టార్ మాలో మొదలై, 2023 జనవరి దాకా 1,500కి పైగా ఎపిసోడ్లు నడిచిన 'కార్తీక దీపం'లో కథానాయకుడు. మలయాళంలో వచ్చిన 'కరుత్తముత్తు' దీనికి మాతృక. అక్కడ మొదట్లో నాయిక వేషం వేసిన ప్రేమి విశ్వనాథ్ గారే ఇక్కడ మన దీపగా, వంటలక్కగా వచ్చి, ఇంటింటి ఆడపడుచై కూర్చుంది.

కథ కూడా మీకు తెలిసిందే. నల్లగా ఉన్నా బంగారంలాంటి మనసున్న దీపని డాక్టరు కార్తీక్ ప్రేమించి పెళ్ళి చేసుకుంటాడు. మోనిత అనే మరో డాక్టరమ్మ పన్నిన వలలో పడి, తనకి పిల్లలు పుట్టే యోగం లేదని నమ్ముతాడు. అంతట్లో దీప నీళ్ళోసుకుంటుంది. ఇంకేముంది! అనుమానం. దీప బయటికి నడుస్తుంది. కవలల్లో ఒక పిల్ల తల్లి దగ్గర, ఒక పిల్ల తండ్రి దగ్గర పెరుగుతారు. ఆ తరవాత ఏళ్ళ తరబడి ఆయన అనుమానించడం, ఆవిడ కన్నీళ్ళు పెట్టుకోవడం, మనం ముక్కులు చీదుకోవడం.

ఆదివారం సీరియల్ ఉండదు కనక, ఆదివారం మధ్యాహ్నం మా బందరు ఇంటి వరండాలో ఆ వారం జరిగిన ఆరు రోజుల కథ మీదా సభ జరిగేది. అధ్యక్షత మా అత్తయ్యగారిది. పక్కింటి వదినగారు, ఎదురింటి మేష్టారి భార్య, అప్పడాలు ఒత్తడానికి వచ్చే మామ్మగారు సభ్యులు. మంగినపూడి నుంచి చేపలు తెచ్చే ఆవిడ గంప మెట్ల మీద దించుకుని, స్తంభానికి చేరగిలబడి, ఆహ్వానం లేని సభ్యురాలిగా కూర్చునేది. సోమవారం దీప మరీ మెత్తబడిందని ఒకరు, గురువారం ఆ మోనితని చెంప పగలగొట్టాల్సిందని ఇంకొకరు, శనివారం పిల్ల "నాన్నా" అని పిలిచినప్పుడు తనకి అన్నం సయించలేదని మరొకరు! ప్రతి ఆదివారమూ సభ ఏకగ్రీవంగా చేసే తీర్మానం ఒకటే: "చదువుకున్న డాక్టరై ఉండి, ఆ డీఎన్ఏ పరీక్ష ఒక్కటి చేయించుకోడేం?"

మావారు పేపరు చాటునుంచి నవ్వేవారు. "చేయిస్తే సీరియల్ అయిపోతుంది కదా! అయినా లేని మనిషి కోసం ఉన్న కళ్ళనీళ్ళన్నీ ఖర్చు పెట్టేస్తారేమిటి మీరంతా?"

నాకు చుర్రుమనేది. నేను నవలలు రాసేదాన్ని. లేని మనుషుల కోసం ఉన్నవాళ్ళ చేత కన్నీళ్ళు పెట్టించడమే కదా నా వృత్తి! అందుకని దెబ్బలాటకి దిగేదాన్ని. మా అమ్మ మాట చెప్పేదాన్ని. వారపత్రిక వచ్చే రోజున పోస్టుమ్యాను కోసం వీధి గుమ్మంలో నిలబడేది మా అమ్మ. సీరియల్ పేజీలు జాగ్రత్తగా చింపి, దారంతో కుట్టి, అట్ట వేసి దాచుకునేది. ఆ రోజుల్లో ఆడవాళ్ళందరికీ అభిమాన రచయిత్రి యద్దనపూడి సులోచనారాణి గారు మాకు దగ్గర్లోనే, మొవ్వ పక్కనున్న కాజలో పుట్టారు. ఆవిడ నవలే తరవాత దూరదర్శన్‌లో మంజులా నాయుడు గారి 'ఋతురాగాలు'గా వచ్చి, కాగితం మీది సీరియల్‌కీ పెట్టెలోని సీరియల్‌కీ వంతెన వేసింది. అంతకు ముందు తరం మా అమ్మమ్మది. 1963లో 'లవకుశ' వచ్చినప్పుడు రెండెడ్ల బండి కట్టించుకుని బందరు వచ్చి చూసి, తిరిగి వెళ్ళేటప్పుడు ఎడ్ల మెడలో గంటల చప్పుడు కన్నా బండిలో ఆడవాళ్ళ వెక్కిళ్ళే ఎక్కువ వినిపించాయని చెప్పేది.

ఇది మన ఒక్కరి జబ్బు కూడా కాదు. అమెరికాలో 1930లలో పగటిపూట రేడియోలో ఇంటి ఇల్లాళ్ళ కోసం ఇలాంటి కథలు వేసేవారు. సబ్బుల కంపెనీలు ఆ ఖర్చు భరించేవి కనక వాటికి సబ్బు నాటకాలని వెక్కిరింపు పేరు పడింది. వాటిలో 'గైడింగ్ లైట్' అనేది 1937లో రేడియోలో మొదలై, 1952లో టీవీకి మారి, 2009 దాకా సాగింది. డెబ్బై రెండేళ్ళు! మా అత్తయ్యగారి వయసంత! 1941లో హెర్టా హెర్జోగ్ అనే పరిశోధకురాలు న్యూయార్కు ప్రాంతపు ఇల్లాళ్ళని కూర్చోబెట్టి, ఈ కథలెందుకు వింటారమ్మా అని అడిగింది. మాకే కాదు, అందరికీ కష్టాలున్నాయని తెలిస్తే ఊరటగా ఉంటుందనీ, రేపు మాకే అలాంటిదొస్తే ఏం చెయ్యాలో తెలుస్తుందనీ చెప్పారట వాళ్ళు. మా వరండా సభలో ఎవర్నడిగినా ఇదే చెప్తారు.

ఇలా ఆధారాలన్నీ పెట్టుకుని నేను మావారి మీద గెలుస్తూ వచ్చాను, 2019 కార్తీకమాసం దాకా.

కార్తీకమాసంలో మా ఇంట్లో చేప వండరు. ఆ సంగతి చేపలావిడకి ఇరవయ్యేళ్ళుగా తెలుసు. అయినా ఓ సాయంత్రం ఏడు గంటల వేళ, గంప లేకుండా వచ్చి మెట్ల దగ్గర నిలబడింది. ఆ వేళప్పుడు ఎప్పుడూ రాదు. మంగినపూడికి పదకొండు కిలోమీటర్లు తిరిగి వెళ్ళాలి కదా!

సంగతేమిటంటే, దాని కూతురు. ఇరవై రెండేళ్ళ పిల్ల. రెండేళ్ళ క్రితం పెళ్ళయింది. నాలుగో నెల. అల్లుడు బోటు మీద వేటకి వెళ్ళి వచ్చేసరికి ఎవరో ఏదో చెవిలో ఊదారు. అతను వేళ్ళు మడిచి రోజులు లెక్కపెట్టాడు. పిల్లని తెచ్చి తల్లి గుమ్మంలో దింపి, మాట్లాడకుండా వెళ్ళిపోయాడు.

"ఆదివారం పెద్దమనుషుల్లో కూర్చోబెడతారంటమ్మా. మీరు చదువుకున్నోళ్ళు, పుస్తకాలు రాసేవోళ్ళు. ఒక్కసారి వచ్చి పిల్ల పక్కన కూర్చుంటే..."

నేనేమన్నానో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. "మీ ఇంటి విషయం కదమ్మా, మేం మధ్యలో వస్తే ఏం బాగుంటుంది? పైగా ఆదివారం నాకు వేరే పనుంది," అన్నాను. అబద్ధం కాదు. పని ఉంది. ఆదివారంలోగా ఓ పత్రికకి నవల ప్రకరణం పంపాలి. అందులో నాయిక నిందపడి ఇల్లు వదిలి వెళ్తుంది!

లోపలినుంచి మా అత్తయ్యగారు గొంతు తగ్గించి అన్నారు. "నిప్పు లేందే పొగ రాదుగా అమ్మాయ్! మనకెందుకు?"

గొంతు తగ్గించారు కానీ, వినబడకుండా పోయేంత తగ్గించలేదు.

అంతలో ఏడున్నరయింది. పాట మొదలైంది. చేపలావిడ వెళ్ళిపోలేదు. రోజూలాగే గడప ఇవతల కూర్చుని చివరిదాకా చూసింది. ఆ రోజు దీప పక్షాన అత్తగారు సౌందర్య కొడుకుతో గట్టిగా మాట్లాడింది. మా అత్తయ్యగారు కొంగుతో కళ్ళు ఒత్తుకున్నారు. నాకూ గొంతు పట్టేసింది. అయిపోగానే చేపలావిడ లేచి, చీర దులుపుకుని, ఎవరికో చెప్తున్నట్టు అంది.

"ఆ యమ్మకి అత్తగారన్నా నమ్మింది. మా పిల్లకి అదీ లేదు."

నిష్ఠూరంగా అనలేదు. ధర చెప్పినంత మామూలుగా అంది. వెళ్ళిపోయింది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. లేని దీప కోసం రెండేళ్ళుగా ఏడుస్తున్నామే, మెట్ల మీద కూర్చున్న మనిషి కోసం రెండు నిమిషాలెందుకు కదల్లేదు? మాకు దయ లేదా? ఉంది. పావుగంట క్రితం కళ్ళు తుడుచుకున్న కొంగు ఇంకా తడిగానే ఉంది. మరి ఆ దయ గడప దాటలేదేం?

బి.ఏ.లో చదివిన పాత పాఠాలు గుర్తొచ్చాయి. జెనీవాలో పుట్టిన రూసో 1758లో నాటకాల మీద ఓ పెద్ద ఉత్తరం రాశాడు. నాటకశాలలో కన్నీరు కార్చినవాడు మానవత్వం పట్ల తన బాకీ తీరిపోయినట్టు సంతృప్తి పడి ఇంటికి వెళ్తాడనీ, ఇంకేం చెయ్యక్కర్లేదనుకుంటాడనీ ఆయన అభియోగం. ఇంకా పాతకాలంలో సెయింట్ అగస్టీన్ కూడా, కావ్యంలో డైడో చనిపోతే ఏడ్చిన తను, తన సొంత ఆత్మ దుర్గతికి ఏడవలేదే అని వగచాడు. మావారి వెక్కిరింపు కూడా అదే కదూ! అయితే మావారే గెలిచారా?

పూర్తిగా గెలవలేదనే నా నమ్మకం. ఆలోచించగా నాకు తోచిందిది. దీపని మనం నమ్మడంలో మన గొప్పేమీ లేదు. దీప తప్పు చెయ్యలేదని మనకి తెలుసు. మోనిత కుట్ర పన్నుతుంటే కెమెరా మనల్ని తీసుకెళ్ళి తలుపు చాటున నిలబెట్టింది. దీప ఒంటరిగా ఏడుస్తుంటే ఆ గదిలో మనమూ ఉన్నాం. అన్నీ చూసిన సాక్షులం మనం. చూసినదాన్ని నమ్మడానికి ధైర్యం అక్కర్లేదు.

చేపలావిడ కూతురి విషయంలో మనకి ఏ కెమెరా ఉంది? ఎవరు ఎవరి చెవిలో ఏం ఊదారో మనం చూడలేదు. లోకంలో ఉన్న దీపలందరూ ఇలాగే, కెమెరా లేకుండానే మన గుమ్మంలోకి వస్తారు. అక్కడ చూడకుండా నమ్మాలి. పొరపాటు పడితే నలుగురూ నవ్వుతారు. అందుకే మనం సీరియల్లో సౌందర్యలం, వీధిలో కార్తీక్‌లం!

ఇంకో మాట కూడా మనసులో ముల్లులా గుచ్చుకుంది. ప్రతి ఆదివారం మేం చేసిన ఆ తీర్మానం ఉంది చూశారూ, పరీక్ష చేయించాలని, అది మాత్రం న్యాయమేనా? హైదరాబాదు సీసీఎంబీలో లాల్జీ సింగ్ గారి కృషితో 1980ల చివర్లో డీఎన్ఏ పరీక్ష మన దేశపు కోర్టుల దాకా వచ్చింది. గొప్ప విద్యే. కానీ భార్య మాట చాలదు, కాగితం కావాలనడం, ఏ పేరు పెట్టినా, అగ్నిపరీక్షే కదూ? సీత మొదటిసారి నిప్పుల్లో దూకింది. చాల్లేదు. లోకం కోసం మళ్ళీ రుజువు చూపమంటే భూమిలోకి వెళ్ళిపోయింది. రుజువు చూపలేక కాదు, రుజువు అడిగే చోట ఉండలేక.

ఈ విషయంలో మన చట్టం మా వరండా సభ కన్నా మర్యాదగా ఉంది. 1872 నాటి సాక్ష్య చట్టం 112వ సెక్షన్ ప్రకారం, పెళ్ళి నిలిచి ఉండగా పుట్టిన బిడ్డ ఆ భర్త బిడ్డే. బిడ్డ కడుపున పడే వీలున్న రోజుల్లో భార్యాభర్తలు కలుసుకునే అవకాశమే లేదని రుజువైతే తప్ప ఆ మాటకి తిరుగులేదు. 2024 జులై 1న కొత్త చట్టం వచ్చినా 116వ సెక్షన్‌గా ఆ సూత్రమే నిలిచింది. అడిగినవాడికల్లా రక్తపరీక్షకి ఉత్తర్వు ఇవ్వడానికి వీల్లేదని సుప్రీంకోర్టు 1993లో గౌతమ్ కుండు కేసులో చెప్పింది. అంటే, చట్టం నమ్మకంతో మొదలుపెడుతుంది. మనం అనుమానంతో మొదలుపెడతాం!

మరి కథలెందుకు, మానేద్దామా అంటారా? ఇక్కడే నాకు భవభూతి గుర్తొచ్చాడు. 'ఉత్తరరామచరితం' చివరి అంకంలో గంగ ఒడ్డున ఓ నాటకం ఆడతారు. రాసినవాడు వాల్మీకి. ఆడేది అప్సరసలు. కథ, అడవిలో వదిలేసిన తరవాత సీత పడ్డ పాట్లు. ప్రేక్షకుల్లో కూర్చున్నది ఎవరనుకున్నారు? సాక్షాత్తూ శ్రీరాముడు! లోకుల మాట విని ఆవిడని పంపేసినవాడే ఆవిడ కథ చూసి తట్టుకోలేక మూర్ఛపోతాడు. భవభూతి అక్కడ తెర దించెయ్యవచ్చు. ప్రేక్షకులు కళ్ళు తుడుచుకుని ఇళ్ళకి పోయేవారు. దించలేదు. అరుంధతీదేవి నిజం సీతని చెయ్యి పట్టుకుని తీసుకొస్తుంది. పౌరులందరి ఎదుటా నిలబెట్టి, ఈమె పవిత్రురాలు, ఏమంటారు అని అడుగుతుంది. అప్పుడు వంగుతాయి తలలు.

నాటకం రాముణ్ణి ఏడిపించింది. కానీ సీతని ఇంటికి తెచ్చింది ఆ ఏడుపు కాదు, అరుంధతి నడక. రూసో మొదటి సగమే చూశాడేమో అనిపిస్తుంది నాకు. కథ గుండెని మెత్తబరుస్తుంది. అంతవరకే దాని పని. ఆ మెత్తదనం గట్టిపడేలోగా ఎవరో ఒకరు లేచి నడవాలి. అసలు దీప కథే లేకపోతే, చేపలావిడ అన్న ఆ ఒక్క మాట మాకు తగిలేదా? తగలడానికి ఓ చోటు తయారు చేసి పెట్టింది సీరియలే కదా!

మర్నాడు పొద్దున్న కాఫీ ఇస్తుంటే అత్తయ్యగారు కప్పు అందుకోకుండా అన్నారు. "అమ్మాయ్! ఆదివారం ఆటో మాట్లాడు."

"మోకాళ్ళు..."

"మోకాళ్ళతో కాదుగా వెళ్ళేది, ఆటోలో!"

కాసేపాగి మళ్ళీ అన్నారు. "ఒకవేళ ఆ పిల్ల తప్పే చేసిందనుకో. అయితే మాత్రం, కడుపుతో ఉన్నదాన్ని గాలికి వదిలేస్తామా?"

నేను తెల్లబోయాను. రాత్రంతా రూసోనీ భవభూతినీ నిద్రలేపినా నాకు తోచని ప్రశ్న అది. దీప మచ్చలేనిది కనక మనం ఏడ్చాం. మచ్చ ఉంటే ఏడవమా? మన దయ మంచివాళ్ళకే ఇచ్చే బహుమతా? ఏ సీరియలూ ఈ ప్రశ్న వెయ్యలేదు. వేస్తే మనం చూడమేమో!

ఆదివారం మంగినపూడి వెళ్ళాం. కార్తీక పౌర్ణమి దగ్గర పడుతోంది కనక అప్పటికే సముద్రస్నానాలకి జనం మొదలయ్యారు. దత్తాశ్రమం దాటి, ఆ నల్ల ఒండ్రు నేలమీద కొంత దూరం నడిచి, ఓ పాక ముందు కూర్చున్నాం. పెద్దమనుషులు వచ్చారు. అల్లుడు రాలేదు. ఏవో మాటలు జరిగాయి, ఏదీ తేలలేదు. అత్తయ్యగారు మాత్రం లేచే ముందు ఆ పిల్ల చెయ్యి పట్టుకుని, అందరూ వినేలా అన్నారు.

"ఈ పిల్ల మాట నేను నమ్ముతున్నాను. పురిటికి నా ఇంటికి తీసుకురండి."

ఆ పిల్ల ఏడవలేదు. సీరియల్లోలా కాళ్ళ మీద పడనూ లేదు. చాప మీద కొంచెం జరిగి, ఆవిడకి ఇంకాస్త చోటిచ్చింది, అంతే.

తరవాతేమైందంటారా? మీరూ మా సభ సభ్యుల్లాగే ఉన్నారే! ముగింపు కావాలి! దీప కథలో ఒకసారి చనిపోయినవాళ్ళు కూడా మళ్ళీ వచ్చారు. ఈ కథలో అల్లుడు మాత్రం రాలేదు. ఆ పిల్లకి మగబిడ్డ పుట్టాడు. 2020 వేసవిలో, షూటింగులు ఆగిపోయి కొత్త ఎపిసోడ్లు లేని రోజుల్లో, మా అత్తయ్యగారికి వాడే సీరియల్. ఇప్పుడా పిల్ల పెడనలో కలంకారీ అద్దకం పనికి వెళ్తోంది. నిజానిజాలేమిటో ఈనాటికీ నాకు తెలియదు. తెలుసుకోవాలని ఒకటి రెండుసార్లు మనసు పీకింది, దాచుకోవడం దేనికి! నోరు మూసుకున్నాను.

మొన్న ఆ కుర్రాడు మా వరండాలో ఆడుకుంటుంటే పక్కింటి వదినగారు తేరిపార చూసి, "వీడిది ఎవరి పోలికో!" అన్నారు.

అత్తయ్యగారు వత్తులు చేసుకుంటూ తలెత్తకుండా జవాబిచ్చారు. "అమ్మమ్మ పోలికే. గంప కనిపిస్తే చాలు, నెత్తిన పెట్టుకుంటాడు!"